గాలిగోపురం దాకా

మా తిరుపతిలో పాటల క్యాసెట్టు అంటే అన్నమయ్యే. నా చిన్నతనంలో గాంధీ రోడ్డు వెంట నడిస్తే ఒక కొట్టులో కీర్తన పల్లవి, పక్క కొట్టులో ఇంకో కీర్తన చరణం, ఆ పక్క కొట్టులో సుప్రభాతం వినిపించేవి. అన్నీ కలిపి ఒకే పాట అన్నట్టుగా మా చెవులకు అలవాటైపోయింది. అలాంటి ఊళ్లో 2003లో నలుగురు కుర్రాళ్లం ఒక అమెరికా మెటల్‌కోర్ ఆల్బమ్ పిచ్చిలో పడ్డాం. దాన్ని చూసి వాత పెట్టుకున్నట్టు మేమూ ఒక ఆల్బమ్ తీశాం. నిజంగానే తీశాం. వంద సీడీలు చేతికొచ్చాయి. వాటి గతి ఏమైందో తరువాత చెబుతాను.

మా పెద్దమ్మ కొడుకు అప్పట్లో వేలూరులో ఇంజనీరింగ్ చదివేవాడు. హాస్టల్లో కంప్యూటర్లన్నీ ఒకదానికొకటి తగిలించి ఉండేవి కాబట్టి ప్రపంచంలోని పాటలన్నీ వాళ్ల గదుల్లోనే ఉండేవి. సంక్రాంతికి వస్తూ నాకు ఒక సీడీ తెచ్చాడు. దాని మీద నల్ల స్కెచ్ పెన్నుతో 'గోల' అని రాసి ఉంది. లోపల పది పదిహేను ఫోల్డర్లు. ఒక దానిలో పన్నెండు పాటలు. బ్యాండు పేరు కిల్‌స్విచ్ ఎంగేజ్, ఆల్బమ్ పేరు 'అలైవ్ ఆర్ జస్ట్ బ్రీతింగ్'. బతికే ఉన్నావా, ఊరికే ఊపిరి పీలుస్తున్నావా అని అడుగుతున్నట్టుంది. పాటల పేర్లలో ఒకటి 'టెంపుల్ ఫ్రమ్ ద విదిన్'. లోపలి గుడి అన్నమాట. గోవిందరాజస్వామి గుడి వెనక వీధిలో పుట్టి పెరిగినవాడు ఆ పేరు చూశాక ఇంకో పాట ఎందుకు నొక్కుతాడు?

మొదటి నిమిషం ఏమీ అర్థం కాలేదు. రెండో నిమిషంలో మా అమ్మ వంటింట్లో నుంచి వచ్చి, "ఎవరినిరా కొడుతున్నారు?" అని అడిగింది. పాటమ్మా అన్నాను. కాసేపు విని, "పాపం, అన్నం తిన్నాడో లేదో" అని వెళ్లిపోయింది. ఆమె మాట వెక్కిరింతగా అనిపించింది కానీ, ఆ గొంతులో ఆకలి లాంటిది ఏదో ఉందని నాకూ తోచింది.

మెటల్‌కోర్ అంటే తెలియనివాళ్లకు ఒక మాట. అమెరికాలో హార్డ్‌కోర్ పంక్ అనే కోపపు సంగీతం ఉంది. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ నగరం నుంచి జంట గిటార్లతో తియ్యటి రాగాలు అల్లే మెటల్ వచ్చింది. ఈ రెండింటికీ పెళ్లి చేస్తే పుట్టిన బిడ్డ ఇది. చరణమంతా అరుపు. పల్లవి వచ్చేసరికి అదే మనిషి గొంతు విప్పి హాయిగా పాడతాడు. మధ్యలో బ్రేక్‌డౌన్ అని ఒకటి వస్తుంది. పరిగెడుతున్న పాట ఒక్కసారిగా సగం వేగానికి పడిపోతుంది, గిటార్లూ డ్రమ్ములూ కలిసి ఒకే పాదం నేలకు మోపినట్టు బరువుగా కొడతాయి. గంగజాతరలో పంబ వాయించేవాళ్లు జోరు మీదుండి, ఉన్నట్టుండి దెబ్బల మధ్య ఎడం పెంచి ఒక్కొక్కటే వేయడం చూసినవాళ్లకు దీన్ని విడిగా వివరించనక్కరలేదు. ఒళ్లు దానంతట అదే కదులుతుంది.

మా పక్కింట్లో నాదస్వరం తాత ఉండేవాడు. పెళ్లిళ్లకు వెళ్లడం మానేసి చాలా ఏళ్లయింది, అయినా పొద్దున్నే అరుగు మీద కూర్చుని ఒక గంట ఊదేవాడు. చిన్నప్పుడు ఆయన్ని గురువు దగ్గర చేరిస్తే మొదట నాలుగేళ్లు ఒత్తు మాత్రమే ఇచ్చారట. ఒత్తు అంటే శ్రుతి వాద్యం. మేళమంతా రాగాలు తీస్తుంటే ఒత్తు పట్టుకున్న పిల్లవాడు ఒక్కటే స్వరాన్ని తెగకుండా ఊదుతూ ఉండాలి. బుగ్గల్లో ఉన్న గాలి బయటికి పోతుండగానే ముక్కుతో కొత్త గాలి తీసుకోవాలి. "నాలుగేళ్లు ఒకే స్వరం నాయనా, అప్పుడు గానీ ఊపిరి ఎక్కడుంటుందో తెలియలేదు" అనేవాడు. ఇప్పుడు ఆ పనికి శ్రుతి పెట్టె వచ్చేసింది.

ఒకరోజు ఆయన చెవులకు హెడ్‌ఫోన్ తగిలించి ఆ 'గోల' వినిపించాను. నిజం చెప్పాలంటే ఏడిపించడానికే. ఆయన కళ్లు మూసుకుని మూడు పాటలు పూర్తిగా విన్నాడు. డ్రమ్ములు వాయించేవాడికి లెక్క తెలుసన్నాడు. పల్లవి పాడే తీరు బాగుందన్నాడు. చివరికి, "ఈ అబ్బాయి పీకతో వాయిస్తున్నాడు, పొట్టతో వాయించడం లేదు. ఎక్కువ రోజులు నిలవడు" అన్నాడు. నాదస్వరం కొన మీద పెట్టే పుల్లనూ పీకే అంటాం, గొంతునూ పీకే అంటాం. ఆయన ఏ పీక గురించి అన్నాడో అప్పుడు నాకు తెలియలేదు.

సీడీలో పాటలు తప్ప ఇంకేమీ లేవు. అట్ట లేదు, బొమ్మ లేదు, ఎవరు ఏమి వాయించారో లేదు. ఏడాదికి పైగా ఆ మనుషుల ముఖాలు కూడా తెలియకుండానే వాళ్లను ప్రేమించాం. 2004లో బాలాజీ కాలనీ దగ్గర ఒక ఇంటర్నెట్ సెంటరులో గంటకు ఇరవై రూపాయలిచ్చి కూర్చుని ఆ కథంతా మొదటిసారి చదివాం. ఒక కుర్చీలో ఇద్దరం, వెనక ఇద్దరం నిలబడి. పేజీ తెరుచుకునే లోపల బయటికి వెళ్లి టీ తాగి రావచ్చు.

వాళ్లది మాసచూసెట్స్ రాష్ట్రంలోని వెస్ట్‌ఫీల్డ్. జనాభా సుమారు 40,000. మా తిరుపతి అప్పటికే 2 లక్షలు దాటింది. ముక్కోటి ఏకాదశి నాడు కొండ మీద ఉండే జనమంత కూడా లేని ఊరు! ఓవర్‌కాస్ట్, ఆఫ్టర్‌షాక్ అనే రెండు బ్యాండ్లు ముగిసిపోతే మిగిలిన మనుషులు కలిసి 1999లో అక్కడ ఇది మొదలుపెట్టారు. 2000లో ఒక చిన్న కంపెనీ ద్వారా మొదటి ఆల్బమ్ వచ్చింది. రెండోది రోడ్‌రన్నర్ అనే పెద్ద కంపెనీ ద్వారా 2002 మే 21న విడుదలైంది. మా చేతిలో ఉన్నది అదే. పెద్ద కంపెనీ డబ్బులిస్తే లాస్ ఏంజెలెస్ వెళ్లి తీస్తారనుకుంటాం కదా. వాళ్లు వెస్ట్‌ఫీల్డ్‌లోనే, జింగ్ అనే స్టూడియోలోనే తీశారు. ఎందుకంటే వాళ్లలో ఒకడైన ఆడమ్ డట్కీవిచ్ అక్కడే పని చేసేవాడు. బర్‌క్లీ సంగీత కళాశాలలో రికార్డింగ్ విద్య చదువుకుని వచ్చినవాడు. ఆ ఆల్బమ్‌లో డ్రమ్ములు వాయించింది అతనే, గిటారూ వాయించాడు, వెనక గొంతూ కలిపాడు, మొత్తం రికార్డింగ్ బాధ్యతా అతనిదే. బ్యాండులో బేస్ వాయించే మైక్ డి'ఆంటోనియో బొమ్మలు గీసేవాడు కాబట్టి అట్ట పని కూడా ఇంట్లోనే అయిపోయింది. చివర్లో విడివిడి శబ్దాలను సరితూచి కలిపే మిక్సింగు మాత్రం ఇంగ్లండుకు చెందిన ఆండీ స్నీప్ చేశాడు.

ఇది చదివాక మా డ్రమ్స్ వాడు వెనక నుంచి నా భుజం నొక్కిన నొక్కుడు ఇప్పటికీ గుర్తుంది. వాడు అన్నదొక్కటే: "ఒరేయ్, వీళ్లు మనలాంటివాళ్లే."

అదే పేజీలో కిందికి జరిగితే రెండో సంగతి కనిపించింది. మేము ఏడాదిగా వింటున్న ఆ గొంతు జెస్సీ లీచ్‌ది. ఆల్బమ్ వచ్చిన కొద్ది కాలానికే, 2002లోనే, అతను బ్యాండు వదిలి వెళ్లిపోయాడు. ఊరూరా తిరిగి పాడుతుంటే గొంతు దెబ్బతినడం, మనసు కుంగిపోవడం కారణాలని రాసి ఉంది. అంటే మేము మొదటిసారి వినేసరికే అతను అక్కడ లేడు. అతని చోటికి హవార్డ్ జోన్స్ వచ్చాడు, ఆడమ్ డ్రమ్ములు వదిలి గిటారుకు మారాడు, 2004 మేలో 'ది ఎండ్ ఆఫ్ హార్టేక్' అనే ఆల్బమ్ కూడా వచ్చేసింది. కొత్త గొంతు గంభీరమైనది, లోకమంతా మెచ్చింది, ఆల్బమ్ పేరుతోనే ఉన్న పాటకు గ్రామీ నామినేషన్ కూడా దక్కింది. నాకు మాత్రం ఇంటికి వెళ్లేదాకా తాత మాటే చెవుల్లో మోగుతూ ఉంది. పీకతో వాయిస్తున్నాడు, నిలవడు.

ఇక మా సంగతి. మేము నలుగురం. డ్రమ్స్ వాడు చర్చిలో వాయించేవాడు. బేస్ వాడి నాన్నకు దామలచెరువులో మామిడికాయల షెడ్డు ఉంది. నేను గిటారు. నాలుగోవాడి పేరు ఇక్కడ ఎందుకు, మేమంతా వాడిని 'గొంతు' అనే పిలిచేవాళ్లం. సన్నగా, పెన్సిలులా ఉండేవాడు, మామూలుగా మాట్లాడితే ఎదుటివాడికి సరిగ్గా వినిపించేది కాదు. ఒకసారి ఆర్టీసీ బస్టాండులో కదిలిపోతున్న చిత్తూరు బస్సును ఆపమని కేక వేశాడు. బస్సు ఆగింది, దానితోపాటు మదనపల్లె బస్సూ ఆగింది. అక్కడికక్కడే వాడిని చేర్చుకున్నాం.

దామలచెరువు మామిడి మండీ తెలియనివాళ్లు మా జిల్లాలో ఉండరు. మే, జూన్, జూలై నెలల్లో అక్కడ కాలు పెట్టడానికి చోటుండదు. బేనీషా, తోతాపురి, నీలం, కుప్పలు కుప్పలుగా, లారీలు, వేలం కేకలు. మిగతా ఏడాదంతా ఆ షెడ్లు ఖాళీ. మేము డిసెంబరు నుంచి మార్చి వరకు అడిగాం. షెడ్డు మామ ఒకే షరతు పెట్టాడు: కాయలు కట్టడానికి కొని పెట్టిన వరిగడ్డి మోపుల జోలికి వెళ్లకూడదు, బీడీ వెలిగించకూడదు. ఆ గడ్డే మాకు వరమైంది. రేకుల షెడ్డులో డ్రమ్ము కొడితే శబ్దం నాలుగు గోడలకూ తగిలి చెవులు చిల్లులు పడాలి. మూడు వైపులా నిలువెత్తు గడ్డి మోపులు ఉండడంతో ప్రతిధ్వని అంతా దానిలోకి ఇంకిపోయింది. స్టూడియోల్లో దీనికోసం గోడలకు ఏవేవో అతికిస్తారని తరువాత తెలిసింది. మాకు గడ్డివాము పెట్టింది.

గిటారు తీగల కథ ఇంకా విచిత్రం. కిల్‌స్విచ్ వాళ్లు గిటారును బాగా కిందికి దించి, అడుగు తీగను 'సి' స్వరానికి తెచ్చి వాయిస్తారు. మామూలు తీగను అంత దించితే వదులైపోయి బట్టలారేసే తాడులా ఊగుతుంది. లావు తీగ కావాలి. తిరుపతిలో సంగీత వాద్యాల కొట్లకు కొదవ లేదు, కానీ వాటిలో ఉండేవి తంబూరాలు, మృదంగాలు, హార్మోనియంలు, వీణలు. ఒక కొట్టులో పెద్దాయన నా బాధంతా విని, ఏమీ అనకుండా లోపలికి వెళ్లి ఒక పొట్లం తెచ్చాడు. వీణ అనుమంద్రం తీగ. అన్నిటికంటే లావైనది, అన్నిటికంటే కింది స్థాయిది. గిటారుకు తగిలించడానికి కొనలో బిళ్ల లేకపోతే సైకిల్ షాపులో ఒక వాషర్ తీసుకుని ముడి వేశాను. మోగించి చూస్తే ఒళ్లు జలదరించింది. వెస్ట్‌ఫీల్డ్ వాళ్లు ఆ మోత వింటే ఏమనేవారో గానీ, ఆ తీగతోనే నేను ఆల్బమ్ మొత్తం వాయించాను. శారదాదేవి క్షమించుగాక.

డ్రమ్ములు చర్చివి. ఆదివారం ఆరాధన అయ్యాక ఆటోలో ఎక్కించి తీసుకుపోవచ్చు, శనివారం సాయంత్రానికి తిరిగి చేర్చాలి. పాస్టరుగారు మంచి మనిషి, ఏమి వాయిస్తున్నారని అడగలేదు. మేమూ చెప్పలేదు. రెండు కాళ్లతో కొట్టడానికి జంట పెడల్ ఉండాలి, అది కొనే స్తోమత లేదు. కొర్లగుంటలో ఒక వెల్డింగ్ షాపులో రెండు మామూలు పెడళ్లను ఇనుప కడ్డీతో కలిపించాడు మావాడు. కిర్రుమనేది. ఆల్బమ్‌లో జాగ్రత్తగా వింటే ఆ కిర్రు ఇప్పటికీ వినిపిస్తుంది, దానికి కొబ్బరినూనె పోసిన పాటలూ పోయని పాటలూ నేను గుర్తుపట్టగలను.

రికార్డింగు 2005 డిసెంబరులో మొదలైంది. అంతకుముందు ఊళ్లో ఒక స్టూడియోకు వెళ్లాం. భక్తిగీతాలు రికార్డు చేసే చోటు. మా నమూనా పాట సగం విని అక్కడి ఆయన మైకు పాడవుతుందని బయటికి పంపేశాడు. ఆయన్ని తప్పుపట్టను, మైకు ఖరీదైనదే. దాంతో నా పెంటియం 4 కంప్యూటరును మానిటరుతో సహా దుప్పట్లో చుట్టి దామలచెరువు తీసుకుపోయాం. కూల్ ఎడిట్ ప్రో అనే సాఫ్ట్‌వేరు అప్పట్లో ఇలాంటి పిచ్చివాళ్లందరికీ దిక్కు. పెళ్లిళ్లకు మైక్‌సెట్ అద్దెకిచ్చే అతని దగ్గర రెండు మైకులు తెచ్చాం, ఒకదానికి పసుపు మరకలు ఉన్నాయి. కరెంటు కోత ఎప్పుడు వస్తుందో తెలిసినా ఒక్కోసారి పాట ఊపులో మరిచిపోయేవాళ్లం. మంచి టేక్ వస్తోందని అందరికీ తెలుస్తూ ఉంటుంది, ఒకరి ముఖం ఒకరం చూసుకోము, చూస్తే పాడవుతుందని భయం. అప్పుడు ఫ్యాను నెమ్మదిస్తుంది. ఎవరూ వాయించడం ఆపరు, యంత్రం చచ్చిపోయాక కూడా పాట పూర్తి చేస్తాం. అలా గాలిలో కలిసిపోయిన టేకుల్లోనే మా అసలు ఆల్బమ్ ఉందని నా గట్టి నమ్మకం.

పాటలు తెలుగులోనే రాయాలన్నది 'గొంతు' పట్టుదల. అమెరికావాడు వాడి భాషలో ఏడుస్తుంటే మనం వాడి భాషలో ఎందుకు ఏడవాలి అన్నాడు. నేను రాసిన ఒక పల్లవి ఇప్పటికీ సిగ్గుపడకుండా చెప్పుకోగలను:

ఏడు కొండలూ ఎక్కి వచ్చాను
ఎదలో ఒక్క మెట్టు ఎక్కలేకపోయాను

దాన్ని అరిస్తే ఒక్క అక్షరమూ అర్థమయ్యేది కాదు. ఒత్తులూ దీర్ఘాలూ అన్నీ ఒకటే గర్జన. తెలుగు మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి కదా, ఆ చివరి అచ్చును సాగదీస్తూ అరవవచ్చని వాడే కనిపెట్టాడు. 'కొండలూ' అన్నప్పుడు ఆ 'ఊ' మీద నాలుగు సెకన్లు నిలబడేవాడు. ఇంగ్లీషులో మాట హల్లు దగ్గర తెగిపోతుంది, మనకు తెగదు. ఈ ఒక్క విషయంలో మేము వాళ్ల కంటే మెరుగని మాకు మేమే కితాబిచ్చుకున్నాం.

రెండో వారానికే వాడి గొంతు బొంగురుపోయింది. ఉమ్మితే ఎర్రగా పడింది. నాకు భయం వేసి నాదస్వరం తాత దగ్గరికి లాక్కెళ్లాను. ఆయన వాడిని నోరు తెరవమని కూడా అనలేదు. పొట్ట మీద అరచెయ్యి పెట్టి అరవమన్నాడు. ఎలా అరవాలో అలా అరిచాడు. వీధి కుక్కలు లేచి నిలబడ్డాయి. "చూశావా, నా చెయ్యి కదల్లేదు. అంతా మెడ నుంచే తీస్తున్నావు" అన్నాడు తాత. తరువాత అన్నది నేను అక్షరం పొల్లుపోకుండా చెబుతాను: "అలిపిరి నుంచి ఎక్కు. గాలిగోపురం దాకా గోవింద నామం గట్టిగా చెబుతూ, ఎక్కడా కూర్చోకుండా ఎక్కు. నామం తెగితే కిందికి దిగి మళ్లీ మొదలుపెట్టు. అది కుదిరిన రోజు రా, గొంతు సంగతి మాట్లాడుకుందాం."

కొండ దారిలో మొత్తం 3,550 మెట్లంటారు. వాటిలో గాలిగోపురం దాకా ఉన్నదే నిట్టనిలువు, ఆ తరువాత దారి కొంత చదునవుతుంది. తెల్లవారుజామున నాలుగున్నరకు వాడు ఎక్కడం మొదలుపెట్టాడు. మొదటి రోజు వందో మెట్టు దగ్గరే నామం తెగిందట. వారం తరువాత నేనూ తోడు వెళ్లాను. యాత్రికులు వాడికి దారి ఇచ్చేవారు. ఒక ముసలమ్మ మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెడుతూ ఎక్కుతోంది, వాడు గోవిందా అంటే ఆమె కూడా గోవిందా అనేది, తలెత్తి చూడకుండానే. నెలన్నర పట్టింది. ఫిబ్రవరి చివర్లో ఒకరోజు గాలిగోపురం కింద నిలబడి నాకు ఫోను చేశాడు. అప్పటికి వాడి దగ్గర సెల్లు లేదు, ఎవరో భక్తుడి ఫోను అడిగి చేశాడు. "తెగలేదు" అన్నాడు. అంతే.

మార్చిలో వాడి గొంతు భాగాలన్నీ మళ్లీ రికార్డు చేశాం. తేడా నాకు తెలుసు. వాడి అరుపు ముందు రేకు చింపినట్టుండేది, ఇప్పుడు రోలు దొర్లించినట్టుంది. న్యూయార్కులో మెలిస్సా క్రాస్ అనే గాత్ర గురువు ఇలా అరిచేవాళ్లకు గొంతు చెడకుండా అరవడం నేర్పుతూ 2005లో ఒక డీవీడీ కూడా తెచ్చిందని చాలా ఏళ్ల తరువాత తెలిసింది. మా వీధి అరుగు మీద అదే పాఠం డీవీడీ లేకుండా దొరికింది.

ఏప్రిల్ మొదటి వారంలో షెడ్డు మామ వచ్చి నిలబడ్డాడు. కాయలు దిగుతున్నాయి, ఖాళీ చేయండి అన్నాడు. ఏడు పాటలయ్యాయి, ఎనిమిదోది సగం. ఆ సగాన్ని అలాగే పెట్టేశాం, చివర్లో మామ గొంతు, "ఇక చాలు నాయనా" అనేది, వినిపిస్తుంది. మిక్సింగుకు మాకు ఆండీ స్నీప్ లేడు కాబట్టి నేనే చేశాను. చెడగొట్టాను. బేస్ వాడు ఇప్పటికీ తన గిటారు ఎక్కడా వినిపించలేదని అంటాడు. వాడిది నిజమే.

సీడీ అట్టలు పెళ్లిపత్రికలు అచ్చువేసే ప్రెస్సులో వేయించాం, మాకు తెలిసినది అదొక్కటే. నల్లటి అట్ట మీద మెట్లు, మెట్ల చివర ఏమీ లేకపోవడం, అంత మాత్రమే గీసి ఇచ్చాం. అచ్చు చేతికొచ్చాక చూస్తే నెత్తిన బంగారు రంగులో శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు. మధ్యలో చిన్న గణపతి. కంపోజింగ్ చేసే అతను అలవాటు కొద్దీ పెట్టేశాడు. పైగా, "ఉంటే మంచిదే కదా సార్" అన్నాడు. నాలుగు రోజులు కుమిలిపోయాం. వంద అట్టలకు మళ్లీ డబ్బులు లేవు. ప్రపంచంలో శుభమస్తుతో మొదలయ్యే మెటల్‌కోర్ ఆల్బమ్ బహుశా మాదొక్కటే.

మే నెలలో గంగజాతర రోజుల్లో విడుదల చేశాం. తాతయ్యగుంట గంగమ్మ జాతర గురించి బయటివాళ్లకు చెబితే నమ్మరు. వారం రోజులు ఊరు ఊరులా ఉండదు. రోజుకో వేషం: బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి. మగవాళ్లు చీరలు కట్టి, జడలు వేసుకుని మొక్కు తీర్చుకుంటారు. ఆడవాళ్లను చెరబట్టే పాలెగాడు దాక్కుంటే అమ్మవారు వేషాలు మార్చుకుంటూ వెతికి చంపిందని కథ. బండ వేషం రోజున నోటికొచ్చిన బూతులు తిట్టడం కూడా మొక్కే. నోరు విప్పి అరవడానికి ఏటా ఒక వారం రాసిపెట్టిన ఊళ్లో మా సీడీ వింత ఏమిటని మేము అనుకున్నాం. దొర వేషం నాటి సాయంత్రం గుడి వీధి చివర ఒక బల్ల వేసుకుని కూర్చున్నాం. ఇరవై రూపాయలు. అట్ట మీద గణపతిని చూసి గంగమ్మ పాటలనుకుని తొమ్మిది మంది కొన్నారు. వాళ్లలో ఒకాయన మర్నాడు వెతుక్కుంటూ వచ్చి డబ్బు అడగకుండా, "మీకేమైనా కష్టమా నాయనా?" అని అడిగి వెళ్లాడు. మొత్తం మీద అమ్మినవీ పంచినవీ కలిపి ముప్పై ఏడు.

అన్నమయ్య పాటలను కొడుకు పెద తిరుమలాచార్యుడు రాగిరేకుల మీద చెక్కించి, కొండ మీద ఒక అరలో భద్రపరిస్తే 20వ శతాబ్దం దాకా వాటి సంగతి లోకానికి పట్టలేదు. మా డ్రమ్స్ వాడు ఆ లెక్క చెప్పి ఓదార్చేవాడు. నాలుగు వందల ఏళ్లు ఓపిక పట్టండిరా అనేవాడు.

ఓపిక పట్టే వ్యవధి లేకపోయింది. జూన్‌లో 'గొంతు'కు బెంగళూరులో ఉద్యోగం వచ్చింది, కాల్ సెంటరులో. అమెరికావాళ్లతో రాత్రంతా మెల్లగా, మర్యాదగా మాట్లాడే ఉద్యోగం. స్టేషనుకు వెళ్లి ఎక్కించాం. రైలు కదిలాక ఒక్క కేక వేస్తాడేమోనని చూశాను. వేయలేదు, చెయ్యి ఊపాడు. జెస్సీ లీచ్ గొంతు పాడై వెళ్లిపోయాడు, మావాడు గొంతు బాగుపడ్డాక వెళ్లిపోయాడు. వాడి చోట ఇంకొకరిని తేవాలన్న ఆలోచన కూడా మాకు రాలేదు.

2007 మార్చి 17న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కు ఐరన్ మెయిడెన్ అనే ఇంగ్లండు మెటల్ బ్యాండు వచ్చినప్పుడు నలుగురం చివరిసారి ఒకచోట కలిశాం. ఆ రాత్రి సంగతులు వేరే కథ. తిరుగు బస్సులో 'గొంతు' లేడు కాబట్టి మిగతా ముగ్గురం నిద్రపోయాం.

నాదస్వరం తాత 2010లో పోయాడు. రెండేళ్ల తరువాత, 2012 ఫిబ్రవరిలో ఒక రాత్రి షిఫ్టు మధ్యలో 'గొంతు' ఫోను చేసి, "వచ్చేశాడురా" అన్నాడు. ఎవరని నేను అడగలేదు. పదేళ్ల తరువాత జెస్సీ లీచ్ మళ్లీ కిల్‌స్విచ్ ఎంగేజ్‌లో చేరాడు. మరుసటి ఏడాది 'డిసార్మ్ ద డిసెంట్' వచ్చింది. వింటే అదే మనిషి, కానీ ఊపిరి కిందికి దిగింది. 2018లో అతని గొంతుకు శస్త్రచికిత్స జరిగిందన్న వార్త చదివినప్పుడు, ఎవరూ చూడకుండా పక్కింటి అరుగు వైపు చూశాను. ఇప్పుడు అక్కడ అరుగు లేదు, స్కూటర్లు పెట్టుకునే చోటు చేశారు.

మిగిలిన అరవై మూడు సీడీలు షెడ్డులోనే ఒక కాయల క్రేటులో ఉండిపోయాయి. నా హార్డ్ డిస్కు ఎప్పుడో చచ్చిపోయింది, నా వంతు సీడీ గీతలు పడి పాడడం మానేసింది. మొన్న మే నెలలో దామలచెరువు వెళ్లాను, ఒక్కటైనా దొరుకుతుందేమోనని. షెడ్డు మామకు డెబ్బై దాటాయి. విషయం చెబితే నవ్వి తోటలోకి తీసుకుపోయాడు. బేనీషా చెట్ల కొమ్మలకు పురికొసతో వేలాడదీసి ఉన్నాయి, వెండి పక్క బయటికి ఉండేలా రెండేసి కలిపి కట్టి. గాలి వచ్చినప్పుడల్లా గిర్రున తిరిగి ఎండను అన్ని వైపులకూ చిమ్ముతున్నాయి. చిలకలు బెదరాలని కట్టాడట.

"బెదిరాయా మామా?" అని అడిగాను.

"రెండు రోజులు. మూడో రోజుకు వాటి మీదే వాలడం మొదలుపెట్టాయి" అని, ఒక కాయ కోసి, చిలక కొట్టిన వైపు చెక్కేసి నా చేతిలో పెట్టాడు.